బొమ్మ కింద ఆ నక్షత్రం సంగతి కూడా రాయండి

పోయిన నెల పిల్లల్ని తీసుకుని ఒక పాత జమీందారీ కోట చూడ్డానికి వెళ్లాం. మేడ మీద దర్బారు హాలు, గోడల నిండా నిలువెత్తు తైలవర్ణ చిత్రాలు. ప్రతి చిత్రం కింద ఇత్తడి రేకు మీద పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. మా చిన్నమ్మాయి ఒక రాజావారి బొమ్మ ముందు ఆగిపోయింది. జరీ అంగరఖా, తలపాగా, మెడలో ముత్యాలు, ఎడమ రొమ్ము మీద అరచేతంత నక్షత్రం, భుజం మీంచి ఏటవాలుగా ముదురు నీలం పట్టీ. "నాన్నా, మిగతావన్నీ మన రాజుల్లాగే ఉన్నాయి, ఈ నక్షత్రం ఒక్కటే వేరేగా ఉందేంటి?" అంది. పక్కనున్న గైడు "ఏదో తెల్లదొరలిచ్చిన మెడల్ పాపా" అని ముందుకు నడిచాడు.

అప్పట్నుంచీ ఆ "ఏదో మెడల్" అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంటోంది. పాపం గైడుని ఏమీ అనను, ఆయనకి ఎవరూ చెప్పలేదు. కానీ మనం ఇంట్లోనూ ఇదే పని చేస్తున్నాం. మా తాతగారికి సర్ బిరుదు వచ్చిందని పొంగిపోయేవాళ్లు కొందరు, తెల్లవాళ్ల బిచ్చం అని ఉమ్మేసేవాళ్లు కొందరు. ఆ నక్షత్రం మీద ఏముంది, ఎందుకుంది, దానికి ఎవరు ఏం చెల్లించారు అని చూసేవాళ్లు మాత్రం కనబడరు. ఆ బొమ్మలో అన్నిటికన్నా ఎక్కువ చరిత్ర ఉన్నది ఆ బిళ్లలోనే.

ముందు ఈ "ఆర్డర్" అనేది ఏమిటో చెబుతాను. ఇది పతకం కాదు, ఒక కూటమి. ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డ్ 1348 ప్రాంతంలో ఆర్డర్ ఆఫ్ ది గార్టర్ పెట్టాడు. రాజు, యువరాజు, వాళ్లతో పాటు 24 మంది వీరులు. అంతకు మించి చోటు లేదు. గుర్తు ఏమిటంటే ఎడమ మోకాలి కింద కట్టుకునే నీలం పట్టీ, దాని మీద "దీన్ని చెడుగా తలచేవాడికే సిగ్గు" అని పాత ఫ్రెంచిలో మాట. విండ్సర్ కోటలోని సెయింట్ జార్జ్ గుడిలో ఒక్కొక్కరికి ఒక్కో పీట, పీట పైన వాళ్ల జెండా. మనిషి పోయాక జెండా దించేస్తారు, పేరు చెక్కిన రేకు మాత్రం అక్కడే ఉండిపోతుంది. కాలికి కట్టే గౌరవం అనగానే మనకు గండపెండేరం గుర్తొస్తుంది. కాకపోతే మన చాటుపద్యంలో రాయలు స్వయంగా వంగి పెద్దన పాదానికి తొడిగాడు. అక్కడ రాజు ముందు వీరుడు మోకరిల్లాలి. ఈ తేడా గుర్తుపెట్టుకుని కింది సంగతి చదవండి.

ఇప్పుడు హైదరాబాద్. 1857 మే నెలలో అఫ్జల్ ఉద్దౌలా నిజాం గద్దెనెక్కాడు. జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని కూడగట్టుకుని, ఇంగ్లీషు ప్రతినిధి ఉండే కోఠీ రెసిడెన్సీ మీద దాడి చేశారు. దివాను సాలార్‌జంగ్ ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలబడ్డాడు, దాడి విఫలమైంది. అల్లావుద్దీన్‌ని అండమాన్‌కి పంపారు. తుర్రెబాజ్ ఖాన్ జైలు నుంచి తప్పించుకుని 1859లో తూప్రాన్ దగ్గర దొరికాడు. చంపి, శవాన్ని తెచ్చి రెసిడెన్సీ దగ్గర జనం చూసేలా వేలాడదీశారు. మరుసటి ఏడు 1860లో నిజాంతో కొత్త ఒప్పందం. నిజాం కట్టాల్సిన 50 లక్షల బాకీ రద్దు, రాయచూరు దోఆబు వాపసు, తిరగబడ్డ సురపురం సంస్థానం నిజాంకు కానుక. నిజాం నుంచి అంతకుముందే తీసుకున్న బేరారు ప్రాంతం మాత్రం ఇంగ్లీషువాళ్ల చేతిలోనే ఉండిపోయింది. ఆ మరుసటి ఏడు 1861లో విక్టోరియా రాణి ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఆఫ్ ఇండియా ప్రకటించింది. మొదటి జాబితాలోనే నిజాం పేరు.

ఈ మూడు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 1859లో రెసిడెన్సీ దగ్గర వేలాడిన శవం, 1860లో భూమి పద్దు, 1861లో నక్షత్రం. ఇవి మూడు వేరువేరు సంగతులు కావు. కంపెనీ పోయి రాణి పాలన వచ్చింది. పాదుషా దిల్లీలో లేడు, ఖిలత్తు (గౌరవంగా కప్పే వస్త్రం) ఇచ్చే చెయ్యి లేదు. రాజులను కట్టి ఉంచడానికి ఒక తాడు కావాలి, ఆ తాడు మీద వజ్రాలు పొదిగారు. గ్వాలియర్ సింధియా, ఇండోర్ హోల్కర్, పటియాలా మహారాజు, రాంపూర్ నవాబు, భోపాల్ సికందర్ బేగం, ఆ తొలి పేర్లన్నీ చూస్తే 1857 తిరుగుబాటులో ఎవరెవరు ఎటు నిలబడ్డారో ఇంకో పుస్తకం చదవక్కర్లేదు.

ఆ నగను తయారు చేసిన తీరులో ఉన్న తెలివి చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. యూరప్‌లో ఇలాంటి గుర్తుల్లో చాలావాటికి మూలం శిలువ. గార్టర్ హారానికి వేలాడేది డ్రాగన్‌ని పొడిచే సెయింట్ జార్జ్. ఇవి హిందువుల, ముసల్మానుల మెడలో వేస్తే కుదరదని రాణి భర్త ఆల్బర్ట్‌కు తెలుసు. అందుకే ఏ మతానికీ చెందని గుర్తు వెతికారు, అయిదు కోణాల నక్షత్రం. దాని మీద "ఆకాశపు వెలుగే మాకు దారి" అన్న మాట. ఏ దేవుడి పేరూ లేదు. 1866లో మూడు తరగతులు చేసినప్పుడు పై తరగతికి మామూలుగా వాడే "గ్రాండ్ క్రాస్" అన్న పేరును కూడా పక్కనపెట్టారు. క్రాస్ అంటే శిలువ కదా. "గ్రాండ్ కమాండర్" అన్నారు. ఆ తరగతివాళ్లు పేరు చివర పెట్టుకునే జి.సి.ఎస్.ఐ.లో సి అంటే ఆ కమాండరే. ఒక్క అక్షరం వెనక ఇంత ఆలోచన ఉంది. గొలుసు మీద కమలాలు, తాటాకులు మనవి, గులాబీలు వాళ్లవి, నడుమ కిరీటం. లేత నీలం పట్టీకి తెల్లని అంచు. అన్నీ సరిపెట్టారు కానీ ఒక్కదాన్ని వదులుకోలేదు. నక్షత్రం కింద వేలాడే బిళ్లలో, రాయి మీద చెక్కిన రాణి ముఖం.

అక్కడే హైదరాబాద్ అడ్డం తిరిగింది. నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. సాలార్‌జంగ్ అభ్యంతరాలు రాసి పంపాడు. మా దేశంవాళ్లకు పరాయి దుస్తులు గిట్టవు, రాజులకైతే మరీను, ఈ ఆర్డరు కోసం వేసుకోవాల్సిన పొడుగాటి పై వస్త్రం వేసుకుంటే మా జనమే నవ్వుతారు అన్నాడు. అది పట్టుదో మఖమలుదో అయితే ముసల్మానుకు నిషిద్ధం అన్నాడు. ప్రాణి రూపం ఉన్న బిళ్లను ఒంటి మీద పెట్టుకోవడం మా మతానికి విరుద్ధం అన్నాడు. ఒక్కో అభ్యంతరమూ మర్యాదగానే ఉంది, ఒక్కోటీ ఆ నగ లోపలి మర్మాన్ని వేలుపెట్టి చూపించింది. రాణి ముఖాన్ని గుండె మీద మోయించడమే కదా అసలు సంగతి! నిబంధనల్లో ఎవరికీ మినహాయింపు లేదని అవతలి నుంచి కటువుగా జవాబు వచ్చింది. నిజాం చివరకు తీసుకున్నాడు. ఇంకో నిబంధన కూడా ఉండేది. ఆ నగ పుచ్చుకున్నవాడి సొంతం కాదు. మనిషి పోయాక వారసులు తిరిగి అప్పగించాల్సి ఉండేది. మన ఇళ్లలో రాజు ఇచ్చిన కడియం తరతరాలు ఉంటుంది. ఇది బ్రతికున్నంత కాలం మెడలో వేసి, పోయాక తీసుకుపోయే నగ.

దులీప్ సింగ్ సంగతి రాయకుండా ఉండలేను. పంజాబు బాల మహారాజు. 1849లో లాహోర్ ఒప్పందం నాటికి పదేళ్లవాడు. రాజ్యం పోయింది, కోహినూర్ పోయింది. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని మనం తరతరాలుగా చెప్పుకునే ఆ వజ్రమే. ఆ పిల్లవాణ్ణి తల్లి నుంచి వేరుచేశారు, మతం మార్పించారు, ఇంగ్లండులో పెంచారు. 1861 నవంబర్ 1న విండ్సర్‌లో రాణి మొదటిసారి స్టార్ ఆఫ్ ఇండియా ప్రదానం చేసింది. ఆవిడ చేతి మీదుగా అందుకున్నవాళ్లలో దులీప్ సింగ్ ఒకడు. కోహినూర్ తీసుకున్న చేత్తోనే చిన్న చిన్న వజ్రాలు పొదిగిన నక్షత్రం తగిలించింది. ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసేసి చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను.

స్టార్ ఆఫ్ ఇండియా పెద్దవాళ్లకే పరిమితం, అదొక్కటీ చాలదని 1878లో ఇంకోటి పెట్టారు, ఆర్డర్ ఆఫ్ ది ఇండియన్ ఎంపైర్. అంతకు ఏడాది ముందే దిల్లీ దర్బారులో రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించారు కదా. మొదట్లో దాని బిళ్ల అయిదు రేకుల ఎర్రపువ్వు, ఒక్కో రేకు మీద ఒక్కో అక్షరం, మొత్తం కలిపితే ఇంగ్లీషులో "ఇండియా". నడుమ మళ్లీ రాణి ముఖం. గొలుసు మీద ఏనుగులు, నెమళ్లు. 1887లో దీనికీ పై తరగతులు వచ్చాయి. మా అమ్మాయి చూసిన ముదురు నీలం పట్టీ ఈ పై తరగతిదే. గురజాడ 1897లో కన్యాశుల్కం అంకితమిచ్చిన విజయనగరం ఆనంద గజపతి పేరు చివర జి.సి.ఐ.ఇ. ఉండేది ఇందుకే.

అందరూ రాజభక్తి అమ్ముకుని తెచ్చుకున్నారని నేను అనడం లేదు. ఆర్థర్ కాటన్‌కు 1877లో కె.సి.ఎస్.ఐ. (స్టార్ ఆఫ్ ఇండియాలో రెండో తరగతి) వచ్చింది. అంటే దులీప్ సింగ్, కాటన్ దొర ఒకే కూటమిలో సభ్యులు! గోదావరి జిల్లాల్లో ఆయన బొమ్మ లేని ఊరు అరుదు, దండ వేసేవాళ్లలో ఒక్కరికైనా ఆ నక్షత్రం సంగతి తెలుసా? అక్కర్లేదు కూడా. ఆయన పేరు ధవళేశ్వరం ఆనకట్ట మీద నడుస్తోంది. విశ్వేశ్వరయ్యకు 1915లో కె.సి.ఐ.ఇ. (ఇండియన్ ఎంపైర్‌లో రెండో తరగతి) ఇచ్చారు, 1955లో మన దేశమే భారతరత్న ఇచ్చింది. ఆయన విద్య రెండు పతకాలకన్నా ముందుది.

ఇచ్చినదాన్ని విసిరికొట్టినవాళ్లను మాత్రం మనం మర్చిపోయాం. టాగూరు 1919లో వదిలేసిన సర్ బిరుదు అందరికీ తెలుసు. అది ఏ ఆర్డరుకూ చెందని ఒట్టి నైట్ బిరుదు, దానికి నక్షత్రం గానీ పట్టీ గానీ లేవు. మద్రాసు హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన సుబ్రహ్మణ్య అయ్యర్ వదిలింది కె.సి.ఐ.ఇ. హోంరూల్ (స్వపరిపాలన) కోసం 1917లో అమెరికా అధ్యక్షుడు విల్సన్‌కు ఉత్తరం రాశారు. దాని మీద ఇంగ్లండులో పెద్దవాళ్లు మండిపడితే, మీ బిరుదులు మీరే ఉంచుకోండని వదిలేశారు. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. నిలువెత్తు బొమ్మ వేయించుకోదగ్గ నక్షత్రం అంటే, నా దృష్టిలో, ఆయన తీసేసినదే.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. కోటల్లో, మ్యూజియంలలో, పాత కళాశాలల హాళ్లలో ఆ బొమ్మల కింద ఇంకో రెండు వరుసలు రాయించండి. ఏ ఆర్డరు, ఏ తరగతి, ఏ ఏడు, ఆ ఏటికి ముందు ఆ సంస్థానంలో ఏం జరిగింది. పేరు రాసిన రేకు మీద ఇంకా బోలెడు చోటుంది. మీ ఇంట్లో అలాంటి ఫోటో ఉంటే మీరే చూడండి. పాత నలుపు-తెలుపు ఫోటోల్లో రంగు తెలీదు, రంగులు వేసిన బొమ్మ అయితే పట్టీ చూడండి. లేత నీలానికి తెల్లంచు ఉంటే స్టార్ ఆఫ్ ఇండియా, ముదురు నీలం అయితే ఇండియన్ ఎంపైర్. బిళ్ల కిందికి వేలాడుతుంటే దగ్గరికి జరిగి చూడండి, అందులో ఒక ఆడమనిషి ముఖం కనబడుతుంది. కనబడితే ఫోటో తీసి, ఏ ఊరో, ఏ ఏడో రాసి నాకు పంపండి. మా అమ్మాయి నోటు పుస్తకంలో ఒక పట్టిక మొదలుపెట్టింది. ఇప్పటికి నాలుగు పేర్లే ఉన్నాయి.