పడవను కాపాడిన చోట, ఊరి పేరు మాటేమిటి?

లూకా సువార్త చదివినవాళ్లకు గెన్నేసరెతు సరస్సు తెలిసే ఉంటుంది. పేతురు రాత్రంతా వల వేసినా చేప పడనిది అక్కడే. ఇజ్రాయెల్‌లో ఇప్పుడు దాన్ని కిన్నెరెత్ అంటారు. తెలుగు బైబిల్ సంఖ్యాకాండంలోనూ ‘కిన్నెరెతు’ అనే ఉంది. హీబ్రూలో కిన్నోర్ అంటే తంతివాద్యం. ఆ మాట వినగానే మన కిన్నెర గుర్తొస్తుంది. సరస్సు ఆ వాద్యంలా ఉంటుంది కాబట్టే ఆ పేరని జనం చెప్పుకుంటారు. కానీ ఒడ్డున కిన్నెరెత్ అనే పాత పట్టణం ఉండేది. ఊరి పేరే నీళ్లకు వచ్చిందనడం నాకు సబబుగా తోస్తుంది.

వాయవ్య తీరంలో 1937లో, బ్రిటిష్ పాలనపై అరబ్బుల తిరుగుబాటు సాగుతుండగా, కొందరు యూదు యువకులు ఒక కిబ్బుట్జ్ కట్టుకున్నారు. సాగూ, వంటిల్లూ అన్నీ ఉమ్మడిగా ఉండే పల్లె అది. గెన్నేసరెతు పేరునే తిరిగి తెచ్చి ‘గినోసార్’ అని పెట్టారు. స్థాపకుల్లో ఒకరైన యిగాల్ తర్వాత పైకోవిచ్ అనే ఇంటిపేరు వదిలి అల్లోన్ అయ్యాడు. అల్లోన్ అంటే ఓక్ చెట్టు. ఊరికైనా మనిషికైనా హీబ్రూ పేరు కావాలన్న పట్టుదల ఆ తరానిది. చెదిరిపోయిన జాతికి ఆ ఆరాటం ఎందుకో నాకు అర్థమవుతుంది.

అయితే గినోసార్ ఉన్న మైదానాన్ని అరబ్బులు అల్ ఘువేర్ అనేవారు. దగ్గర్లోనే ఘువేర్ అబూ షూషా అనే ఊరుండేది. 1945 లెక్కల ప్రకారం 1,240 మంది జనాభా. 1948 ఏప్రిల్‌లో యుద్ధంలో ఆ ఊరు ఖాళీ అయింది. ఊరితోపాటే పేరూ పోయింది. ఇజ్రాయెల్ రాజ్యం ఏర్పడ్డాక ప్రభుత్వ కమిటీలు అరబ్బీ పేర్ల స్థానంలో హీబ్రూ పేర్లు పెట్టుకుంటూ వెళ్లాయి.

ఇక్కడే నాకు బాధ. ఆ తీరంలో పాత పేర్లను నోటిమీద నిలిపింది అరబ్బు రైతులూ జాలర్లే. ఏడు ఊటలనే అర్థమున్న గ్రీకు మాట ‘హెప్టాపెగోన్’ వాళ్ల నోట ‘తబ్ఘా’గా బతికింది. మగ్దలేనే మరియ ఊరు మగ్దలా ‘మజ్దల్’గా మిగిలింది. పాత పేర్లు కావాలనుకున్నవాళ్లే వాటిని మోసుకొచ్చినవాళ్ల పేర్లు తుడిచేయడం అన్యాయం.

1986లో కరువుకు నీరు వెనక్కి తగ్గితే, గినోసార్ అన్నదమ్ములిద్దరికి బురదలో రెండు వేల ఏళ్ల నాటి పడవ దొరికింది. పొడవు 8 మీటర్ల పైనే. విరగకుండా పైకి తీసి, ఏళ్ల తరబడి మైనపు ద్రావణంలో నానబెట్టి నిలబెట్టుకున్నారు. ఇప్పుడది అల్లోన్ పేరిట ఉన్న మ్యూజియంలో ఉంది. ఘువేర్ అబూ షూషా పేరు కూడా అక్కడ, ఆ పడవ పక్కనే, హీబ్రూలోనూ అరబ్బీలోనూ పెద్ద అక్షరాలతో ఉండాలి.