వ్యాకరణం అక్కరలేదు, ఫోటో పంపండి

'ఇంగ్లీషు ఉపాధ్యాయులు కావలెను. డిగ్రీ ఏదైనా సరే. అనుభవం లేకపోయినా ఫరవాలేదు. ఇటీవలి ఫోటో తప్పనిసరి.'

దక్షిణ కొరియాలో హగ్వాన్లు అనే ప్రైవేటు ట్యూషన్ కేంద్రాలు ఇచ్చే ప్రకటనల సారాంశం ఇది. మొదటి మూడు వాక్యాలతో నాకు పేచీ లేదు. నాలుగోదే కొరుకుడు పడటం లేదు. ఇంగ్లీషు గొంతులోంచి వస్తుందనీ, కాస్తో కూస్తో మెదడుకూ అందులో పాత్ర ఉంటుందనీ నమ్ముతూ వచ్చిన మనబోటి అమాయకులకు కళ్ళు తెరిపించింది ఆ వాక్యమే. ముక్కు తీరులో ఆర్టికల్స్ తెలుస్తాయి. కంటి రంగులో ప్రిపొజిషన్లు తెలుస్తాయి. జుట్టు రాగిరంగులో ఉందంటే పాసివ్ వాయిస్ కరతలామలకమే. మన హస్తసాముద్రికులు పాపం అరచేతి దగ్గరే ఆగిపోయారు. ముఖం దాకా వెళ్ళి ఉంటే ఇంగ్లీషు పరీక్షలన్నీ ఫోటో స్టూడియోలోనే ముగిసేవి.

ఈ శాస్త్రాన్నే ప్రభుత్వం కాస్త మర్యాదగా రాసుకుంది. కొరియాలో ఇంగ్లీషు చెప్పడానికి ఇచ్చే ఈ-2 వీసా ప్రధానంగా ఏడు దేశాల పౌరులకు: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. బడులన్నీ ఇంగ్లీషులోనే నడిచే సింగపూర్ ఇందులో లేదు. 2011 జనాభా లెక్కల్లో ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవారు పది శాతం కూడా తేలని దక్షిణాఫ్రికా ఉంది. సంతోషమే. అయితే ఆ దక్షిణాఫ్రికా పౌరుడే రేపు లండన్‌కు దరఖాస్తు పెడితే, ఇంగ్లీషు వచ్చని వేరే రుజువు చూపాలి. పరీక్ష అవసరం లేదంటూ బ్రిటన్ రాసుకున్న దేశాల జాబితాలో అతని దేశం లేదు. సియోల్‌లో దిగితే మాతృభాష, లండన్‌లో దిగితే అనుమానాస్పదం. విమానం ఎక్కడో గాలిలో ఉండగా మనిషి నాలుక మారిపోతుంది కాబోలు.

మనకూ ఒక సందు ఉంది లెండి. 2010లో అమలులోకి వచ్చిన భారత్-కొరియా ఆర్థిక ఒప్పందం పుణ్యమా అని మనవాళ్ళు కూడా అక్కడ ఇంగ్లీషు చెప్పవచ్చు, సహాయకుల హోదాలో. కానీ మనకు ఇంగ్లీషు బోధించే అర్హత పత్రం కావాలి. ఆ ఏడు దేశాల వారికి ఏ డిగ్రీ అయినా చాలు. ఇంగ్లీషు ఎలా బోధించాలో బోధించడానికే 1958లో హైదరాబాదులో ఒక సంస్థ పెట్టారు. ఇప్పుడు ఇఫ్లూ అంటున్నాం. విదేశీయులు అక్కడికి వచ్చి ఇంగ్లీషు నేర్చుకుని వెళుతుంటారు. దాని పట్టా పుచ్చుకున్నవాడు సహాయకుడు. క్రీడా నిర్వహణలో డిగ్రీ చేసినవాడు గురువు.

ఆ గురువుగారి గురించి చెప్పుకోవాలి. వయసు ఇరవై మూడు. చదువు అప్పు మెడ మీద ఉంది, ఉద్యోగం లేదు, అమ్మానాన్నల ఇంటి నేలమాళిగలో పడక. ఒకనాటి రాత్రి జీవితమంటే ఏమిటన్న ప్రశ్న పుట్టింది. ఇదే ప్రశ్న పుట్టి సిద్ధార్థుడు రాజభవనం వదిలి, ఆరేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని, చివరికి చెట్టు కింద కూర్చున్నాడు. మనవాడికి సామాన్లతో సహా గది, విమాన టికెట్టు, నెలకు ఇరవై లక్షల వోన్లకు పైగా జీతం, ఏడాది నిండితే మరో నెల జీతం అదనం. జ్ఞానోదయానికి ఇంతకన్నా అనుకూల వాతావరణం గయలో కూడా లేదు.

మొదటి రోజు తరగతి. ముందు బల్లలోని పదేళ్ళ పిల్ల లేచి 'ఐ ఏట్'కీ 'ఐ హావ్ ఈటెన్'కీ తేడా ఏమిటని అడిగింది. గురువుగారు నవ్వారు. ఫోటోలో ఉన్న నవ్వే. 'చెవికి అలా బాగుంటుంది' అన్నారు. పిల్ల జాలిపడి, బోర్డు దగ్గరికి వెళ్ళి, గీత గీసి, నిన్న ఇక్కడ, ఇప్పుడు ఇక్కడ అని గుర్తులు పెట్టి ఆయనకు వివరించింది. ఆయన ఫోన్‌లో దాన్ని ఫోటో తీసుకున్నారు. మిగిలిన గంట అంతా బోర్డు మీద ఉరికంబం బొమ్మ వేసి అక్షరాలు ఊహించే ఆట. సాయంత్రం ఇంటికి ఉత్తరం: 'నా జీవిత పరమార్థం దొరికింది. పాఠం చెప్పడానికి వెళితే, ఈ పిల్లలే నాకు నేర్పారు.' అక్షరాలా నిజం.

ఆ పిల్లకు ఇది ఆట కాదు. నవంబరులో జరిగే కళాశాల ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు వినే భాగం వచ్చినప్పుడు, పిల్లలకు శబ్దం అడ్డురాకూడదని కొరియా అంతటా విమానాలను పైకి లేవనివ్వరు, దిగనివ్వరు. పిల్లల చెవుల కోసం ఆకాశాన్నే ఆపగలిగిన దేశం, ఉపాధ్యాయుణ్ణి మాత్రం కళ్ళతో ఎంచుకుంటుంది. వెళ్ళినవాళ్ళలో కొందరు పట్టుదలగా నేర్చుకుని మంచి ఉపాధ్యాయులయ్యారు, కాదనను. వాళ్ళు ఉత్తరాలు తక్కువ రాస్తారు.

మన జిల్లాల నుంచి ఇథియోపియాకు, మాల్దీవులకు వెళ్ళి పాఠాలు చెప్పినవాళ్ళు ఎందరో. పరమార్థం దొరికిందా అని వారిని ఎవరైనా అడిగారా? చెల్లెలి పెళ్ళి అప్పు తీరిందా అని అడిగారు.

ఇరవై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పిన టీచరమ్మ బ్రిటన్‌లో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటే ఏమంటారు? నీకు ఇంగ్లీషు వచ్చని రుజువు చెయ్యమంటారు. డిగ్రీ ఇంగ్లీషులోనే చదివానంటే, ఆ మాట ధ్రువీకరించడానికి వేరే రుసుము. కాదంటే ఐఈఎల్‌టీఎస్‌కు 16,000 రూపాయలకు పైగా కట్టి, మీరు చూసిన ఒక సరస్సు గురించి రెండు నిమిషాలు మాట్లాడండి అంటే మాట్లాడాలి. వచ్చిన మార్కులు రెండేళ్ళే చెల్లుతాయి. రెండేళ్ళకు పులిసిపోవడానికి ఇంగ్లీషేమైనా పెరుగా? దేశాన్ని రెండు శతాబ్దాలు ఏలి, బడులు పెట్టి, బెత్తంతో నేర్పిన భాషే కదా ఇది! నేర్పినవాడే ఇవాళ నీకు వచ్చా అని అడగడానికి సిగ్గు లేదా? అడగడానికి డబ్బు కూడా తీసుకోవడానికి?

వాళ్ళననడం దేనికి? మన ఊళ్ళలో బడి తెరిస్తే ఫ్లెక్సీ మీద బంగారు జుట్టు పిల్లల బొమ్మలు వేస్తాం. ఆ బడిలో అలాంటి జుట్టున్న పిల్ల ఒక్కతీ ఉండదు. లోపల పాఠం చెప్పే మనిషి జీతం ఎంతో ఫ్లెక్సీ మీద రాయం. కరోనాకు బడులు మూతపడితే మొదట ఆపింది ఆ జీతాలనే. ఇంగ్లీషు చెప్పిన నోటితో వీధుల్లో కూరగాయలు అమ్మారు, కూలికి వెళ్ళారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. వారికి పిలుపు రేషన్ దుకాణం నుంచి వచ్చింది, సంచీ తెచ్చుకోమని.