టి తారకు కాపలా కాయాలా, ఆర్ తారకు లెక్క రాయాలా?

హనుమకొండలో ఒక మిద్దె. మే నెల మధ్య, రాత్రి 10 గంటలు. స్వాతికీ అభిజిత్తుకీ నడుమ, తూర్పు ఈశాన్యాన 54 డిగ్రీల ఎత్తులో ఉత్తర కిరీటం (కరోనా బొరియాలిస్) అనే తారల గుంపు: ఏడు చుక్కలు, విరిగిన చేతిగాజు ముక్క ఆకారం. ఉన్నవి ఒక 10×50 బైనాక్యులర్, ఒక నులక మంచం. ప్రశ్న ఒకటే. రాత్రికి పావుగంట మాత్రమే తీరిక ఉన్నవాళ్ళు ఈ కిరీటంలో ఏ చర తారను, అంటే వెలుగు మారే తారను పట్టుకోవాలి: టి అనేదా, ఆర్ అనేదా? అన్నది టి పక్షం, చెల్లెది ఆర్ పక్షం.

అన్న: టి నే. 1866 మే 12న ఒకసారి, 1946 ఫిబ్రవరి 9న ఒకసారి పేలింది. నడుమ 80 ఏండ్లకు జెర తక్కువ. మామూలు రోజుల్ల అది 10వ మాగ్నిట్యూడ్; ఈ మెరుపు కొలతల అంకె పెరిగితె తార మసక. పేలితే కొన్ని గంటల్లనే 2కు ఎక్కుతది, అంటే దాదాపు 1,600 రెట్లు. కిరీటం నడుమ ఉన్న పెద్ద చుక్క అల్ఫెక్కాకు సమానమైతది. అక్కడ ఉన్నది ఒక శ్వేత కుబ్జం, అంటే కాలిపోయిన తారకు మిగిలిన చిన్న ముద్ద, దాని పక్కన ఒక ఎర్ర దిగ్గజం, అంటే ఉబ్బిన పెద్ద తార. దిగ్గజం నుంచి హైడ్రోజన్ వచ్చి కుబ్జం మీద పేరుకుంటది, అడుగు పొర కాగి కాగి ఒక్కసారే అంటుకుంటది. బతుకుల ఒక్కసారి దొరికే తమాషా. దాన్ని విడిచి ఇంకోటి చూస్తమా?

చెల్లె: రెండు చుక్కలు పెట్టి గీత గీస్తివి. మూడోది గా గీత మీదనే పడ్తదని ఎవలన్నరే అన్నా? 2023ల అది కొంత మసకవారింది. 1945ల పేలే ముందు గిట్లనే అయిందని, 2024ల తప్పకుంట పేలుతదన్నరు. 2024 పోయింది. సరే, అదట్లుంచు. నా భయం వేరే. అది ఆషాఢంల పేలితే? 2 నుంచి కంటికి అందనంత దిగేటందుకు దానికి వారం చాలు. మనకు ముసురు వట్టిందంటె వారం దినాలు ఒక్క చుక్క కనిపియ్యదు. ఏండ్ల కాపలా వానల కొట్టుకపోతది.

అన్న: మబ్బు నీ ఆర్‌కు అడ్డం రాదా?

చెల్లె: వస్తది, కని కథ మునగది. ఆర్ తీరు తిరకాసు: మామూలుగ 6 దగ్గర ఉంటది, చెప్పకుంట పడిపోతది. దాంట్ల హైడ్రోజన్ బహు తక్కువ. హీలియం, కార్బన్ ఉంటయి. అది ఊదిన కార్బన్ చల్లారి మసి అయి మనకు అడ్డం వస్తది, కందీలు గాజుకు మసి పట్టినట్టు. దీపం ఆరలే, గాజే నల్లగైంది. మసి మబ్బు అవతలి దిక్కు పుడితే మనకు తెల్వనే తెల్వదు. 2007ల పడ్డప్పుడు కొన్ని వారాలల్ల 14 దాక దిగింది, తేరుకునేటందుకు ఏడేండ్లు పట్టింది. వారం మబ్బు పట్టినా దాని కథ తెగదు.

అన్న: 6 దగ్గర కూసున్న తారను రోజూ చూసి 6 అని రాసుడు ఒక పనేనా? 6.0, 6.0, 5.9, 6.0. కిరాణ దుకాణం ఖాతా లెక్క.

చెల్లె: గా ఖాతా ఉంటెనే పడ్డ రోజు దొరుకుతది. 1795ల పిగట్ అనే ఇంగ్లీషు ఖగోళ పరిశీలకుడు అది మారుతదని పట్టింది గట్ల చూసే. నీ టి కి ఏం రాస్తవు? లేదు, లేదు, లేదు.

అన్న: "లేదు" అని ఉత్తగ రాస్తె దండుగనే. చెయ్యవలసింది ఇది. కిరీటం తూర్పు కొసన ఎప్సిలాన్ అనే తార ఉన్నది, 4.1. దానికి దక్షిణాన, కొంచెం తూర్పుకు ఒక డిగ్రీ, రెండు పున్నమి చందమామలంత దూరం. గాడ టి కనిపియ్యలే అనుకో. అదే చూపుల నీకు కనపడ్డ అన్నిటికన్న మసక చుక్క ఏదో, పక్క తారల అంకెలుండే చార్టుల చూసి, "దీనికన్న తక్కువ" అని ఆ అంకె రాయాలె. హనుమకొండ మిద్దె మీద 8 దాటుడు కష్టం. రామప్ప దిక్కు పోతె ఇంకా లోతుకు పోవచ్చు. పేలిన గడియ ఏ రెండు చూపుల నడుమనో తేల్చేది గా అంకెలే. అమెరికల, యూరప్‌ల పగలున్నప్పుడు అది ఎక్కుడు మొదలువెడితె, చూసేటోళ్ళం మన దిక్కోళ్ళమే.

చెల్లె: ఇది మంచి మాట, ఒప్పుకుంటున్న. కని చెయ్యి అలవాటు కాకపోతె గా రాత్రి నువ్వు రాసే అంకె తప్పైతది. అంకె కట్టుడు ఆర్ మీదనే నేర్చుకోవాలె. చార్టుల 58, 66 అని ఉంటయి, అంటే 5.8, 6.6. చుక్క పెడితె తార అనుకుంటరని దశాంశం తీసేసిన్రు. 58కి, 66కి నడుమ ఆర్ ఎక్కడున్నదో చూడు. 58 దిక్కు నుంచి నాలుగో వంతు దూరం అనిపిస్తె 6.0. నిన్న ఏం రాసినవో ముందుగాల చూడొద్దు, చూస్తె కన్ను గదే చెప్తది. రెండు చుక్కలు ఒకదాని కింద ఒకటి వస్తె కిందిది ఎక్కువ మెరిసినట్టు మోసం జేస్తది, అందుకే తల వంచి రెండు కండ్ల గీతకు సమంగ తేవాలె. ఇగ ఆర్ పసుపు తెలుపుల ఉంటది, ఎర్ర తారల బాధ లేదు. ఇదే కిరీటంల ఎస్ అనే మీరా రకం తార, అంటే మెల్లగ ఉబ్బుకుంట తగ్గుకుంట మెరుపు మారేది, ఎర్రగుంటది, 360 రోజులకోసారి మెరుస్తది. దాన్ని గుడ్లప్పగించి చూస్తె చూసినకొద్ది ఎక్కువైతది. చటుక్కున చూసి కన్ను తిప్పాలె.

అన్న: నీకు ఒక్క రాత్రిలనే మారే తార కావాల్నంటె దక్షిణ కిరీటంల ఎప్సిలాన్ ఉన్నది గద. ఒకదానికొకటి తాకి తిరిగే జంట, సుమారు 14 గంటలకోసారి.

చెల్లె: మారేది 0.3 కూడ ఉండదు. కంటి తప్పే 0.2 ఉంటది. పైగ మనకు అది 35 డిగ్రీల కన్న పైకి రాదు. సరైన కాలం జులై, అప్పుడు వాన. మే నెలల తెల్లారగట్ల 3 గంటలకు లేవాలె, లేకుంటె ఎంగిలిపూల బతుకమ్మ నాడు పొద్దూకినంక చూడాలె. అమాస గనక చీకటి ఖాయం. అప్పుడు రామప్ప కట్ట మీద నిలవడితె నైరుతిల వరంగల్ దీపాల వెలుగు, దాని పక్కకే నీ కిరీటం.

అన్న: అయితె ఒక్కటి చెప్పు. ఆర్‌కు, టికి నడుమ దూరమెంత?

చెల్లె: మూడు డిగ్రీల పైన.

అన్న: బైనాక్యులర్ల ఆరు డిగ్రీలు పడ్తది. రెండూ ఒక్క చూపులనే ఉన్నయి! ఇంతసేపు కొట్లాడింది ఎందుకు?

చెల్లె: ఏది ముందు, ఎంతసేపు అన్నదానికి. ఆర్‌కు పది నిమిషాలు, టికి రెండు, మిగిలింది రాతకు. రాతల నువ్వు రోజూ ఒక తప్పు జేస్తున్నవ్. 16 నాడు రాత్రి 2 గంటలకు చూసి, చర తారల లెక్కలు కూడబెట్టేటోళ్ళకు 16 అనే పంపుతవు. ప్రపంచ సమయానికి అయిదున్నర గంటలు తీసెయ్యాలె, అది 15 తారీఖు 20:30. టి పేలిన రాత్రి గిట్ల పంపితె నీ అంకె ఒక రోజు తప్పు తేదీల పడ్తది.

అన్న: సరే, ఆర్ ముందు. మంచం ఎటు వేద్దాం? నడినెత్తికి వచ్చేటాల్లకు స్టాండ్ ఏం పనికి రాదు.

చెల్లె: తల దక్షిణం, కాళ్ళు ఉత్తరం. కిరీటం నడినెత్తికి 8, 10 డిగ్రీలు ఉత్తరాన్నే పోతది, మెడ గుంజది. ఉత్తరం దిక్కు తల పెట్టొద్దని అమ్మ కూడ ఏమనది. మోచేతుల కింద మెత్త పెట్టుకో, వణుకుడు తగ్గుతది.