రాఫ్ట్ ఎక్కించినంత మాత్రాన జట్టు తయారు కాదు

విశాఖలోని యువజన సంఘాల, కళాశాల బృందాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. ఉరవడి నీటిలో ఒక్కపూట రాఫ్టింగ్ (గాలి నింపిన రబ్బరు పడవలో తెడ్లు వేస్తూ సాగడం) చేయిస్తే నెల రోజుల శిక్షణ తరగతులతో రాని ఐకమత్యం వస్తుందని, లైఫ్ జాకెట్ ఉంటే ఈత రాకపోయినా భయం లేదని, సముద్రం పక్కన పెరిగిన మన పిల్లలకు నది ఒక లెక్క కాదని, వానాకాలంలో వెళితేనే అసలు మజా అని, వెనకాడేవారిని బలవంతంగానైనా ఎక్కిస్తేనే పిరికితనం పోతుందని దాని సారాంశం. రాఫ్టింగ్ యువతకు మంచి అనుభవమేనని నేనూ నమ్ముతాను. నమ్ముతాను కాబట్టే ఈ మాటలకు జవాబు చెప్పక తప్పడం లేదు.

ముందుగా లైఫ్ జాకెట్ సంగతి చూద్దాం, ఎందుకంటే ప్రాణాలతో ముడిపడినది అదే. జాకెట్ మనిషిని తేలుస్తుంది, అంతకుమించి హామీ ఇవ్వదు. వరుసగా వచ్చే అలల కింద పదేపదే మునిగి ఊపిరి అందక, జాకెట్ ఒంటిమీద ఉండగానే ప్రాణాలు కోల్పోయినవారు ఉన్నారు. నీటిలో పడ్డవారు నిలబడాలని చూస్తే పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది, వెనుక నుంచి వచ్చే ప్రవాహం మనిషిని ముందుకు తోసి ముఖాన్ని నీటిలోకి నొక్కేస్తుంది. అందుకే వెల్లకిలా పడుకుని, పాదాలు ప్రవాహం వెళ్లే దిక్కుకు ఉంచి పైకెత్తమని గైడ్లు నేర్పుతారు. జాకెట్ సరిపోయిందో లేదో కూడా ఒడ్డునే చూసుకోవాలి: బకిల్స్ అన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగినప్పుడు అది చెవుల దాకా వచ్చిందంటే, ఆ బిడ్డకు అది పనికిరాదు, మరొకటి అడిగి తీసుకోవాలి.

సముద్రం పక్కన పుట్టడం వేరు, ఈత రావడం వేరు. రుషికొండలోనో యారాడలోనో మోకాలి లోతులో అలలతో ఆడుకున్న అలవాటు నదిలో అక్కరకు రాదు. సముద్రంలో లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే తీరానికి సమాంతరంగా ఈదాలని చెబుతారు. నదిలో రాళ్లు, అడ్డంగా పడిన చెట్లు ఉంటాయి, కొమ్మల సందుల్లోంచి నీరు పోతుంది కానీ మనిషి పోలేడు. పైగా రాఫ్టింగ్‌కు చాలామంది వెళ్లే రిషికేశ్ దగ్గర గంగ హిమాలయాల నుంచి వచ్చే చల్లని నీరు. బంగాళాఖాతపు గోరువెచ్చని నీటికి అలవాటైన పిల్లలు అందులో పడగానే అసంకల్పితంగా ఊపిరి ఎగబీలుస్తారు, ఆ క్షణంలో ముఖం నీటిలో ఉంటే చాలు, గాలికి బదులు నీరు లోపలికి పోతుంది.

వానాకాలం మజా అన్న మాట మరీ బాధ్యతారహితం. వర్షాల నెలల్లో రిషికేశ్‌లో రాఫ్టింగ్ ఆపేస్తారు. మహారాష్ట్రలోని కుండలిక, కర్ణాటకలోని దాండేలి దగ్గర కాళీ నదుల్లో ప్రవాహం ఎగువ నుంచి వదిలే నీటి మీద ఆధారపడుతుంది కాబట్టి, ఆ రోజు నీరు ఎప్పుడు వదులుతారో నిర్వాహకులను అడగడం నాయకుడి బాధ్యత. 2014 జూన్ 8న హిమాచల్‌ ప్రదేశ్‌లో లార్జి జలాశయం నుంచి వదిలిన నీరు బియాస్ నదిలో హైదరాబాద్‌కు చెందిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులను కొట్టుకుపోయేలా చేసింది. వారు రాఫ్టింగ్‌కు దిగినవారు కాదు, విహారయాత్రకు వెళ్లి నది దగ్గర ఆగినవారు. ఆ పిల్లల తల్లిదండ్రులను తలచుకుంటే ఈ సందేశాన్ని ఎవరైనా ఎలా ఫార్వర్డ్ చేయగలుగుతున్నారో నాకు అర్థం కాదు.

ఇక ఐకమత్యం. రాఫ్ట్‌లో నిర్ణయాలు తీసుకునేది వెనుక కూర్చున్న గైడ్. పిల్లలు ఆజ్ఞ ప్రకారం తెడ్డు వేస్తారు. క్లిష్టమైన చోట అలాగే ఉండాలి కూడా. కానీ ఆజ్ఞ పాటించడమే జట్టుతనం కాదు. ముందు కూర్చున్న ఇద్దరి లయను మిగతావారు చూసి అందుకోవడం, ఒక పక్కవారు అలసిపోతే పడవ ఆ పక్కకే తిరగడం, దాన్ని గమనించి రెండో పక్కవారు తగ్గించుకోవడం: నేర్చుకోవలసింది ఇక్కడ ఉంది. ఆ సాయంత్రం కూర్చుని ఎవరు ఎవరి మాట విన్నారో, ఎవరి మాట ఎవరికీ వినపడలేదో మాట్లాడుకోకపోతే మిగిలేవి ఫోటోలే. కఠినత ఆధారంగా ఉరవళ్లను తేలికైన ఒకటి నుంచి అతి కఠినమైన ఆరు వరకు తరగతులుగా విభజిస్తారు. ఈ పాఠానికి రెండు, మూడు తరగతులు చాలు.

బలవంతం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. భయంతో బిగుసుకుపోయిన పిల్లవాడు తెడ్డు పిడిని వదిలేస్తే అది పక్కవాడి పళ్లకు తగులుతుంది. ఇష్టం లేదన్నవారిని ఎందుకని నలుగురిలో నిలదీయకుండా ఒడ్డున ఉండనివ్వాలి. వెళ్లేవారికి ఇక్కడే విశాఖలో ఏదైనా ఈతకొలనులో, ఈత శిక్షకుడి సమక్షంలో, జాకెట్‌తో వెల్లకిలా తేలడం, విసిరిన తాడు అందుకోవడం ముందుగా సాధన చేయించి, ఆ తర్వాతే టికెట్లు బుక్ చేయాలి.