రుమాలు యుగానికి సంతాపం

2026 జనవరి 27న అమెరికాలో ఒక మహాయుగం ముగిసింది. ఎక్కడా జెండా కిందికి దించలేదు. ఎవరూ రెండు నిమిషాలు మౌనం పాటించలేదు. సౌత్‌వెస్ట్ అనే విమాన కంపెనీలో ఆ రోజు నుంచి ఎవరి సీటు నంబరు వారికి ముందే ఇస్తున్నారు, జరిగిందంతా అదే. 1971 జూన్‌లో డాలస్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియో మధ్య ఎగరడం మొదలుపెట్టినప్పటి నుంచీ వాళ్లది ఒకటే సిద్ధాంతం: ఎక్కు, ఖాళీ చూసుకో, కూర్చో. యాభై నాలుగేళ్లు నడిచింది.

నేనైతే పట్టించుకునేవాణ్ని కాదు. కానీ మా డాలస్ వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి నల్ల రిబ్బన్ బొమ్మ పెట్టి "సమానత్వం చచ్చిపోయింది" అని రాశాడు. కింద బోలెడు దండాలు, నాలుగు ఏడుపు మొహాలు. ఆ పెద్దమనిషిని నేను ఎరుగుదును. సమానత్వంతో ఆయనకున్న పరిచయం ఏపాటిదో కూడా ఎరుగుదును. అసలు పేరు వద్దు, రుమాలు రావుగారు అందాం. మీరూ చూసే ఉంటారు. పెళ్లిలో రెండో బంతికి మొదటి బంతి వాళ్ల వెనక కుర్చీ పట్టుకుని నిలబడేది ఆయనే.

ఈ ఎక్కి-కూర్చో పద్ధతి టెక్సస్‌లో పుట్టిందని తెల్లవాళ్లు నమ్ముతారు. పల్లెవెలుగు ఎక్కినవాడు ఎవడైనా ఒప్పుకుంటాడా? బస్సు ఇంకా ప్లాట్‌ఫారం మీదికి తిరగకముందే కిటికీలోంచి తువ్వాలు పడేది. ఆ చట్టం ఎక్కడా రాసి ఉండదు, కానీ అందరికీ కంఠతా వచ్చు. తువ్వాలు వేస్తే సీటు మనది. కర్చీఫ్ వేస్తే వాదన ఉంటుంది. న్యూస్‌పేపర్ వేస్తే గొడవ ఖాయం. పిల్లాణ్ని కిటికీలోంచి దూర్చి కూర్చోబెడితే రిజిస్ట్రేషన్ పూర్తయినట్టే, ఇక కండక్టర్ కూడా ఏమీ చేయలేడు. మన దేశంలో 2003లో మొదలైన ఎయిర్ డెక్కన్ కూడా తొలి రోజుల్లో సీటు నంబరు లేకుండానే ఎక్కించేది. కాకపోతే విమానం కిటికీ తెరుచుకోదు. మన శాస్త్రంలో సగం అక్కడే ఆగిపోయింది.

అమెరికావాళ్లు ఆ లోటును క్యూతో పూడ్చారు. విమానం బయల్దేరడానికి సరిగ్గా 24 గంటల ముందు చెక్-ఇన్ తెరుచుకునేది. ఎవరు ముందు నొక్కితే వాళ్లకు ముందు నంబరు. 'ఏ' (A) గ్రూపులో ఒకటి నుంచి అరవై, తర్వాత 'బీ'లో అరవై, ఆ తర్వాత 'సీ'. గేటు దగ్గర నంబర్లున్న స్తంభాలు ఉండేవి. ఒక్కో స్తంభం దగ్గర అయిదుగురు నిలబడాలి. అక్కడ జనం పక్కవాడి కాగితంలోకి తొంగిచూసి "మీదెంత?" అని అడిగే తీరు చూస్తే నాకు ఎంసెట్ ఫలితాల రోజు గుర్తొచ్చేది. ఏ-18 వచ్చినవాడు మెడికల్ సీటు కొట్టినవాడిలా నిలబడేవాడు. సీ-20 వచ్చినవాడు లాంగ్ టర్మ్ కోచింగ్‌కి డబ్బు కట్టినవాడిలా బూట్ల వైపు చూస్తుండేవాడు.

ఎంసెట్ అన్నాక మేనేజ్‌మెంట్ కోటా ఉండాలి కదా. ఉండేది. కొంత అదనంగా కడితే 36 గంటల ముందే కంపెనీయే మీ తరఫున నొక్కిపెట్టేది. ఇంకా ఎక్కువ కడితే మొదటి పదిహేను నంబర్లలో ఒకటి దొరికేది. ఇదీ మా రావుగారు నల్ల రిబ్బన్ కట్టిన సమానత్వం.

ఇక రిజర్వేషన్లు. ఆరేళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లలున్న కుటుంబాలను 'ఏ' గ్రూపు అయ్యాక, 'బీ'కి ముందు పంపేవాళ్లు. ఆర్టీసీ కండక్టర్ వయసు అడిగినప్పుడల్లా అయిదేళ్లకు తగ్గిపోయిన తరం మనది. మన పిల్లలు ఆరేళ్ల దగ్గర ఎన్నేళ్లు ఆగారో చెప్పనక్కర్లేదు. మీసం మొలుస్తున్న ఒక ఆరేళ్ల బాబును నేను స్వయంగా చూశాను. వాళ్లమ్మ వాడి భుజాలు కిందికి నొక్కుతూ నడిపించుకుపోతోంది.

వీళ్లందరికన్నా ముందు వీల్‌చైర్లు. ఎక్కేటప్పుడు ఎనిమిది కుర్చీలు వరసగా వెళ్తాయి. దిగేటప్పుడు రెండే కావాలంటారు. మిగతా ఆరుగురు పై అరలోంచి సూట్‌కేసు ఒంటిచేత్తో లాగి గబగబా నడిచిపోతారు. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున ఏ దేవుడు వెలిశాడో గానీ కొండెక్కి మొక్కుకున్నా ఇంత త్వరగా కాళ్లు రావు. మన అమ్మానాన్నలకూ మనం వీల్‌చైర్ పెట్టిస్తాం, నిజమే. అది కాళ్ల కోసం కాదు, ఇంగ్లీషు కోసం. ఆ సంగతి తర్వాత చెప్తాను, ఇప్పుడు చెప్తే నా ఈ గంభీరమైన ముఖం నిలబడదు.

ఇప్పుడు రావుగారి దగ్గరికి వద్దాం. క్రిస్మస్ సెలవులు, డాలస్ నుంచి ఆర్లాండో. నేను చెక్-ఇన్‌కి అలారం పెట్టుకున్నాను. సరిగ్గా ఆ నిమిషానికి స్టవ్ మీద పాలు పొంగాయి. తుడిచి వచ్చి నొక్కేసరికి నాలుగు నిమిషాలు ఆలస్యం. నాకూ మా ఆవిడకూ తొమ్మిదేళ్ల మా అమ్మాయికీ బీ-38, 39, 40 వచ్చాయి. గృహప్రవేశంలో పాలు పొంగితే శుభం అన్నవాళ్లు చెక్-ఇన్ సంగతి ఆలోచించినట్టు లేరు.

మేం లోపలికి వెళ్లేసరికి ఏడో వరస దగ్గర జనం ఆగిపోయి ఉన్నారు. ఏడో వరస రావుగారి సామ్రాజ్యం. ఆయన కుటుంబం అయిదుగురు. అదనపు డబ్బు కట్టింది మాత్రం ఆయన ఒక్కడికే, మిగతా నలుగురూ సీ గ్రూపు. ఇది పిసినారితనం అని మీరనుకుంటారు. కాదు, శాస్త్రం. 737 విమానంలో వరసకు నడవాకు ఇటు మూడు, అటు మూడు సీట్లు. రావుగారు నడవా పక్కన 7సీలో కూర్చుని రెండు చేతులూ చాచి, ఏనుగు తలపాగా పెట్టుకున్నట్టు మెడదిండు నెత్తి మీదికి తోసుకుని ఉన్నారు. కిటికీ సీటులో ఆయన కోటు. మధ్య సీటులో సీటుబెల్టు పెట్టిన స్టీలు క్యారియర్. అవును, బెల్టు పెట్టారు, బిగించారు కూడా. నడవాకు అవతల సీటులో శాలువా, దాని పక్కన పిల్లాడి డైనోసార్ బ్యాగు. చివరి సీటు ఎవరికో తెలియదు గానీ అక్కడా ఒక కర్చీఫ్ ఉంది. నీలం గళ్లది, నాలుగు మడతలు. కుటుంబంలో ఆరో మనిషి లేడు. అలవాటు కొద్దీ వేశారనుకుంటాను.

కౌబాయ్ టోపీ పెట్టుకున్న ఒకాయన వంగి "ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని మర్యాదగా అడిగాడు. "మై వైఫ్" అన్నారు రావుగారు. సరే, అక్కడో? "మై వైఫ్." కిటికీ దగ్గర? "వైఫ్. రెస్ట్‌రూమ్." ఆ లెక్కన నడవాకు ఇటూ అటూ కలిపి ఆయనకు అయిదుగురు భార్యలు, అందరూ ఒకేసారి బాత్‌రూమ్‌లో. టోపీ ఆయన కాసేపు చూశాడు. తర్వాత టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, వెనక్కి వెళ్లిపోయాడు. ఎయిర్‌హోస్టెస్‌ని పిలిచారు ఎవరో. ఆమె నవ్వింది, అంతకుమించి చేయడానికేమీ లేదు. సీట్లు ఇలా ఆపుకోవచ్చని గానీ ఆపుకోకూడదని గానీ కంపెనీ నియమం ఏదీ ఉండేది కాదు. రాజ్యాంగంలో ఇంత పెద్ద ఖాళీ ఉంటే అందులో రావుగారు కూర్చోకపోతే ఎవరు కూర్చుంటారు?

తర్వాత దశ దగ్గు. ఎవరైనా నెమ్మదిస్తే చాలు, రావుగారు పొత్తికడుపులోంచి ఒక దగ్గు తీసేవారు. రుమాలులోకి చూసుకుని బాధగా తల ఊపేవారు. దానికీ లొంగని ఒక కాలేజీ కుర్రాడు శాలువా మీద చెయ్యి వేయబోతే క్యారియర్ మూత కొంచెం వదులు చేశారు. పులిహోర, పైన ఊరమిరపకాయలు. ఇంగువ వాసన పదో వరస దాకా వెళ్లింది. ఆకలేస్తున్న నేనే ఒక అడుగు ముందుకు వేశాను గానీ కుర్రాడు మాత్రం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడు ఆయన చూపు మా మీద పడింది. ముఖం వెలిగిపోయింది. "తెలుగువాళ్లా! ఎక్కడండీ మనది?" గుంటూరన్నాను. "అయ్యో, మాది తెనాలి! మనం మనం ఒకటే!" అన్నారు. మా అమ్మాయిని ఏం చదువుతున్నావమ్మా అని అడిగారు. ఆ ఖాళీ సీట్ల మీదుగా చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఆ తర్వాత ఆత్మీయంగా గొంతు తగ్గించి, "వెనక చాలా ఖాళీ ఉందండీ" అని చెప్పారు.

వెనక ఖాళీ ఉంది. పంతొమ్మిదో వరసలో ఒక మధ్య సీటు, ఇరవై రెండులో ఒక మధ్య సీటు, ఇరవై నాలుగులో ఒక మధ్య సీటు. మధ్య సీటు కోసం ప్రపంచంలో ఎవరూ కర్చీఫ్ వేయరు. మా అమ్మాయి ఇద్దరు దిట్టమైన మనుషుల మధ్య సర్దుకుని, తల మాత్రం పైకెత్తి నా కోసం చూస్తోంది.

అప్పుడు సీ గ్రూపు వచ్చింది. రావుగారి భార్య, అంటే ఉన్న ఒక్కావిడ, ముందు నడుస్తోంది. రావుగారు లేచి నిలబడి "ఇదిగో, ఇక్కడ, ఇక్కడ!" అని కోటు తీసి ఊపుతున్నారు. ఆవిడ క్యారియర్‌కి పెట్టిన బెల్టు చూసింది. చుట్టూ ఉన్న ముఖాలు చూసింది. పిల్లలిద్దర్నీ, వాళ్ల నానమ్మనీ ముందుకు తోసి, ముక్కూమొహం తెలియని మనిషిని దాటినట్టు ఆయన్ని దాటి, ఇరవై అయిదో వరస దాకా నడిచి వెళ్లింది. దారిలో మా అమ్మాయి పక్కాయనను బతిమాలి నన్ను అక్కడికి మార్పించింది కూడా ఆవిడే. ఆ తల్లికి నా నమస్కారం. ఏడో వరస రెండు నిమిషాల్లో నిండిపోయింది. కౌబాయ్ టోపీ మళ్లీ వెనక నుంచి ముందుకు రావడం నేను చూశాను. పులిహోర క్యారియర్ ఆర్లాండో దాకా రావుగారి ఒళ్లోనే ఉంది.

ఇలాంటి యుగం పోతే ఏడవాలా? 2024 జూలైలో కంపెనీ ఒక లెక్క చెప్పింది: తమ ప్రయాణికుల్లో 80 శాతం మంది సీటు నంబరే కావాలంటున్నారట. నమ్ముతాను. మిగతా 20 శాతం రావుగార్లు. అయితే ఆ ఏడాది జూన్‌లోనే ఎలియట్ అనే పెట్టుబడి సంస్థ దాదాపు 190 కోట్ల డాలర్ల వాటా కొని, కంపెనీ మారాలి, లాభాలు పెరగాలి అని మెడ మీద కూర్చుంది. 2025 మే 28 నుంచి చాలామందికి ఉచిత బ్యాగులు పోయాయి. ఇప్పుడు సీట్లూ మిగతా కంపెనీల దారిలోకే వచ్చాయి. ఆ దారి మీకు తెలుసు. టికెట్ కొన్నాక సీట్ల బొమ్మ వస్తుంది. దాని మీద ఒక చిన్న గడి తెరుచుకుంటుంది: సీటు ఎంచుకోకపోతే మీ వాళ్లంతా కలిసి కూర్చోకపోవచ్చు.

ఎంత మర్యాదగా ఉందో చూడండి. మా వీధిలో చందాకు వచ్చేవాడు కూడా "ఇవ్వకపోతే అద్దాలు మిగలకపోవచ్చు" అనే అనేవాడు.

కిందటేడు మా అమ్మానాన్నలు వచ్చారు. పెద్ద విమానం దిగి ఇంకో చిన్న విమానం ఎక్కాలి. ఏ కంపెనీదో అనవసరం. అందరూ అదే పని చేస్తున్నారు. ఇద్దరికీ కలిపి 38 డాలర్లు అడిగింది ఆ గడి. ఒకే టికెట్ మీద ఉన్నారు, ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు, వయసులు కళ్ల ముందే ఉన్నాయి, పక్కపక్కనే ఇస్తార్లే అనుకున్నాను. నాన్నకు పదకొండో వరస, అమ్మకు ఇరవై తొమ్మిది. ఎయిర్‌పోర్టులో అమ్మను దించుకున్నప్పుడు పెదాలు ఎండిపోయి ఉన్నాయి. మూడున్నర గంటలు మంచినీళ్లు అడగలేదు. ఎందుకమ్మా అంటే, "ఎలా అడగాలో తెలియలేదురా. మీ నాన్న ఉంటే అడిగేవారు" అంది. చేతిలో ఆవిడ కర్చీఫ్ ముద్దగా నలిగి ఉంది.

అదీ ఆ వీల్‌చైర్ సంగతి. నవ్వేవాళ్లు నవ్వండి, నేనూ పైన నవ్వాను.

ఆ 38 డాలర్లు దేనికి? అక్కడ కొత్త సీటేమీ పుట్టదు. ఉన్న రెండు సీట్లే, ఉన్న ఇద్దరు మనుషులే. నలభై నాలుగేళ్ల కిందట వాళ్లకు సప్తపది చేయించిన పంతులుగారు ఒక్కసారే సంభావన తీసుకున్నారు. వీళ్లకు ఎక్కిన ప్రతిసారీ ఇవ్వాలి, ఇవ్వకపోతే విడదీస్తారు. దీనికి ఎంపిక అని పేరు పెట్టడానికి సిగ్గుండాలి. మన దేశంలో 2024 ఏప్రిల్‌లో విమానాలకు నియమాలు పెట్టే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఒక మంచి మాట చెప్పింది: పన్నెండేళ్ల వరకు పిల్లలకు తల్లిదండ్రుల్లో ఒకరి పక్కనైనా సీటు ఇవ్వాలని. అదే ఏడాది ఆగస్టులో అమెరికా ప్రభుత్వం పదమూడేళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లలకు అలాంటిదే ప్రతిపాదించింది. పిల్లల సంగతి చెప్పడానికే ప్రభుత్వాలు దిగాల్సి వచ్చింది. డెబ్బై ఏళ్ల అమ్మ ఏ లెక్కలోనూ లేదు. రావుగారు నా సీటు కాజేశారు, సరే. కానీ నా సీటు నాకే అమ్మలేదు. పక్కన అమ్మ ఉంటే ఇంత, లేకపోతే ఇంత అని రేటు పెట్టలేదు. ఆయన దగ్గర ఉన్నది ఒక కర్చీఫ్, దాన్ని తోసేసి కూర్చోవచ్చు. ఈ గడిని తోసేసి ఎక్కడ కూర్చోను?

తిరుగు ప్రయాణానికి నేను మాట్లాడకుండా కట్టేశాను. రెండు విమానాలకూ, ఇద్దరికీ. అమ్మకు కిటికీ, పక్కన నాన్న. ఇల్లు చేరాక ఫోన్ చేశారు. నాన్న కూర్చోగానే నిద్రపోయారట, గురక ముందు వరస దాకా వినపడిందట. మంచినీళ్లు అమ్మే అడిగిందట, రెండుసార్లు. "వాటర్ అంటే ఇచ్చేశారురా" అంది.