చేర్చుకున్నారు సరే, లెక్క ఏది?

మందుల పరిశోధన పత్రాల్లో మొదటి పట్టికలో స్త్రీలు ఇంతమంది, పురుషులు ఇంతమంది అని ఉంటుంది. ఫలితాల దగ్గరికొచ్చేసరికి చాలాసార్లు ఆ విభజన మాయం. స్త్రీలనూ చేర్చుకున్నామని చెప్పుకోవడానికి అక్కరకొచ్చిన వివరం మోతాదు తేల్చేటప్పుడు ఎందుకు పనికిరాలేదు? దీన్ని కపటమనే అంటాం.

నిద్రమాత్ర జోల్పిడెమ్‌కు అమెరికాలో 1992లో అనుమతి వచ్చింది. ఆడామగా తేడా లేకుండా 10 మిల్లీగ్రాములే రాస్తూ వచ్చారు. స్త్రీల శరీరం నుంచి ఆ మందు నెమ్మదిగా పోతుంది. పొద్దున్నే కారు నడిపేవేళకీ రక్తంలో ప్రమాదకర స్థాయిలో మిగలొచ్చు. స్త్రీలకు 5 మిల్లీగ్రాములు చాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది 2013లో! అంటే ఇరవై ఏళ్లు దాటాక.

ఇది శరీరానికి, అంటే జీవ లింగానికి సంబంధించిన తేడా. గుండెపోటు వచ్చిన స్త్రీ ఆస్పత్రికి ఆలస్యంగా చేరడం, ఆయాసం, వికారం అని చెబితే ‘టెన్షన్ అయ్యుంటుందిలే’ అని పంపేయడం అలాంటివి కావు. అవి జెండర్, అంటే సమాజం ఆమెను చూసే తీరు. మొదటిదానికి మోతాదు మార్చాలి, రెండోదానికి డాక్టర్ల తీరు మారాలి. రెండింటినీ ఒకే గడిలో కుక్కితే ఏ చికిత్సా కుదరదు. పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై, ఇప్పుడు రికార్డులో పురుషుడిగా ఉన్న ట్రాన్స్ పురుషుడికి గర్భాశయ ముఖద్వారం ఉన్నా, క్యాన్సర్ స్క్రీనింగ్‌కు రమ్మని కబురు అందకపోవచ్చు. అతని జెండర్‌ను గౌరవించడానికీ, శరీర వివరం విడిగా రాసుకోవడానికీ పేచీ ఏముంది?

విడిగా విశ్లేషించాలంటే ఎక్కువమంది కావాలి, ఖర్చు పెరుగుతుందంటారు. పెరుగుతుంది, నిజమే. తప్పు మోతాదు ఖర్చును పేషెంట్లు మోయడం లేదా?

నియమాలు లేవనుకుంటే పొరపాటు. పిల్లలు పుట్టే వయసు స్త్రీలను తొలి దశ ప్రయోగాలకు దూరంపెట్టిన 1977 నాటి సూచనను ఎఫ్‌డీఏ 1993లో ఎత్తేసింది. ఫలితాలను విడగొట్టి చూపాలని, లింగాన్నీ జెండర్‌నూ కలగాపులగం చేయొద్దని, పరిశోధన పత్రాలు ఎలా రాయాలో చెప్పే సేజర్ మార్గదర్శకాలు 2016లోనే చెప్పాయి. పాటిస్తామని జర్నళ్లు ఒకపక్క ప్రకటిస్తాయి, మరోపక్క ఆ లెక్క లేని పత్రాలనే అచ్చేస్తాయి. చేర్చుకుని లెక్కచెప్పని పరిశోధకులకు అండ ఈ సంపాదకులే. సంపాదకులారా, విడి లెక్కా, అది లేకపోవడానికి తగిన కారణమూ లేని పత్రాన్ని తిప్పి పంపండి. అంత ధైర్యం లేకపోతే మీ వెబ్‌సైట్లలో ఆ నియమాన్ని చెరిపేయండి.