పళ్ళకు పని, చేతులకు సెలవు

చేతులు తగలకుండా పొగాకు పైపు తాగడం అనే విద్యను మన రాష్ట్రం ఇంతవరకు పట్టించుకోలేదు. నైపుణ్యాభివృద్ధి పేరుతో కుట్టుమిషన్లు నేర్పిస్తున్నారు, కంప్యూటర్లు నేర్పిస్తున్నారు. పైపును పళ్ళ మధ్య వేలాడదీసి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని ధీమాగా నిలబడగల పౌరుణ్ణి తయారుచేసే కేంద్రం మాత్రం కర్నూలులో ఒక్కటీ లేదు. ఈ లోటును మా వీధిలోని రిటైర్డ్ ఇంజనీరు గారు ఒంటిచేత్తో, కాదు, చెయ్యే లేకుండా పూడుస్తున్నారు. ఆయన సాధనను గోడకు ఇవతలి నుంచి నేను శ్రద్ధగా గమనిస్తున్నాను. పొగ ఎలాగూ ఇటే వస్తుంది.

ముందు శాస్త్రం తెలుసుకుందాం. పైపు బరువంతా పొగాకు నింపే గిన్నెలో ఉంటుంది, పట్టు మాత్రం నోట్లో పెట్టుకునే కాడ కొసన ఉంటుంది. కాడ ఎంత పొడుగైతే దవడ మీద లాగుడు అంత ఎక్కువ. అందుకే తెలిసినవాళ్ళు వంపు కాడ పైపు కొంటారు. గిన్నె గడ్డం దగ్గరికి దిగి వేలాడుతుంది, దవడకు కాస్త ఊపిరాడుతుంది. ఇంజనీరు గారు దీన్ని కాంటిలివర్, అంటే ఒక కొసనే ఆధారం ఉన్న దూలం, అంటారు. సర్వీసులో ఉండగా ఏ కాలవకూ ఇంత నిష్ఠగా వాలు లెక్క కట్టి ఉండరని నా అనుమానం.

ముందుపళ్ళతో పట్టుకోవడం కొత్తవాళ్ళు చేసే పని. కోరపన్ను దాటాక, పక్క పళ్ళ మధ్య ఆనించాలి. కాడ కొసన చిన్న గట్టు ఉంటుంది, అది పళ్ళ వెనక తట్టుకుని ఆగుతుంది గనుక కొరకక్కర్లేదు. కొరికితే కాడకు గాట్లు, పళ్ళకు అరుగుదల, చెవి కింద నొప్పి. పొగను కూడా గట్టిగా లాగకూడదు. లాగితే గిన్నె కాగుతుంది, నాలుక మండుతుంది. ఊపిరితోపాటు కొద్దికొద్దిగా రానిచ్చి ముక్కు గుండా పోనివ్వాలి. ఇదంతా కుదిరాక చొంగ మొదలవుతుంది. కాడలోకి దిగి గుడగుడమంటుంది. పూర్వం హుక్కాను గుడిగుడి అనేవాళ్ళు. దానికి నీళ్ళు పోయాలి, ఇక్కడ ఆ ఖర్చు కూడా లేదు.

చేతులు ఖాళీ చేసుకోవడానికి ఎన్ని చేతులు కావాలో చూడండి. పైపు నింపడానికి పడమటి దేశాల్లో ఒక పాత సూత్రం ఉంది: మొదటి పొరను పసిబిడ్డ నొక్కినట్టు, రెండోదాన్ని ఆడమనిషి నొక్కినట్టు, మూడోదాన్ని మగవాడు నొక్కినట్టు నొక్కాలి. అంటే ఒక సంసారం మొత్తం చెయ్యి వేస్తే తప్ప పెద్దమనిషి చేతులకు తీరిక దొరకదు. నింపాక ఒకసారి వెలిగించి, పైకి పొంగిన పొగాకును అణచి, మళ్ళీ వెలిగించాలి. మధ్యలో ఆరిపోతుంది, ఆరిపోవడం దాని హక్కు. అప్పుడు మళ్ళీ అగ్గిపెట్టె, మళ్ళీ అణచే పుల్ల. తాగాక బూడిద గీకాలి, కాడలో తీగ దూర్చి తుడవాలి. ఇన్ని పనుల నడుమ దొరికే ఆ కాస్త విరామంలో ఇంజనీరు గారు రెండు చేతులూ పైకెత్తి మాకు చూపిస్తారు. నిజంగానే ఖాళీ.

కాడ చరిత్ర కూడా కర్నూలుకు పరాయిది కాదు. 1839లో కుంఫిణీ వారు మా ఊరి ఆఖరి నవాబును గద్దె దించారు. అదే ఏడాది అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరులో గంధకం కలిపి కాచే కిటుకు పట్టుకున్నాడు. ఆ కిటుకులోంచే తర్వాత ఎబొనైట్ అనే నల్లటి గట్టి రబ్బరు పుట్టింది, పైపు కాడలు దానితోనే చేస్తూ వచ్చారు. నవాబు పోయాడు, గొట్టం వచ్చింది. నవాబుల జమానాలో హుక్కాబర్దారు అని ఒక ఉద్యోగం ఉండేది. హుక్కా సిద్ధం చెయ్యడం, నిప్పు చూసుకోవడం అతని పని. చేతులు వాడకుండా పొగ తాగడానికి అప్పట్లో దొరికిన పద్ధతి అదే, పక్కవాడి చేతులు వాడటం. ఎబొనైట్‌కు మా ఊళ్ళో ఒక చిక్కుంది. ఎండ తగిలితే పచ్చబడి రుచి చెడుతుంది. మే నెల కర్నూలులో ఎండ తగలని వస్తువు ఏదో నాకు తెలియదు. ఆ ఎండలో ముక్కు కింద ఇంకో కుంపటి వేలాడదీసుకోవడం ఎంత తపస్సో నేను చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా పెద్ద త్యాగం మాట. మా వైపు మాట్లాడాలంటే దవడ దిగాలి. ‘ఏమప్పా’ అన్నా, ‘యాడికి’ అన్నా, ‘రా సామీ’ అన్నా నోరు తెరవాల్సిందే, తెరిస్తే పైపు ఒళ్ళో పడాల్సిందే. ఒక్క ‘ఊఁ’కు మాత్రం పైపు కదలదు. అందుకని ఇంజనీరు గారు ఇప్పుడు అన్నిటికీ ఊఁ అంటున్నారు. వినాయక చవితి చందాకు వచ్చిన పిల్లలు ‘ఐదు వేలు రాసుకోమంటారా తాతా?’ అని అడిగితే ఊఁ అన్నారు. పక్కింటాయన ‘ప్రహరీ ఒక అడుగు మీవైపు జరుపుకుంటాను సార్’ అంటే ఊఁ అన్నారు. (ఆ పక్కింటాయన నేనే. పని ఇంకా మొదలుపెట్టలేదు.) వాళ్ళావిడ అయితే బుడ్డల (వేరుశనగకాయల) గంప తెచ్చి ముందు పెట్టి, ‘చేతులు ఊరికే ఉండాయి గదా, ఒలుచు’ అన్నారు. దానికీ ఊఁ. సినిమావాళ్ళు ఊహించినట్టు సీమ మగవాడు ఖాళీ చేత్తో మీసం తిప్పడం ఇక్కడ కుదరదు. మీసం కిందే నిప్పుంది.

చట్టం సంగతికి వస్తే, 2003 నాటి పొగాకు చట్టం కింద, 2008 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, బహిరంగ స్థలంలో పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా. కొండారెడ్డి బురుజు దగ్గర ఒక కానిస్టేబులు ఆపితే ఇంజనీరు గారు రెండు చేతులూ తెరిచి చూపించారు, చేతిలో ఏమీ లేదన్నట్టు. చట్టం చేతుల ఊసే ఎత్తదని ఆ రోజు రసీదుతో సహా తేలింది.

వైద్యులు మనకన్నా ముందే ఈ కళను గుర్తించారు. 1795లోనే సోమ్మరింగ్ అనే జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు, పైపు తాగేవాళ్ళకు కింది పెదవి మీద క్యాన్సరు ఎక్కువని, పైపుకూ పళ్ళకూ మధ్య పెదవి నలగడమే కారణమని రాశాడు. మన తెలుగునాట అయితే శ్రీకాకుళం ఆడవాళ్ళు చుట్టను నిప్పు లోపలికి పెట్టుకుని తాగేవారు. గాలికి ఆరదు, రెండు చేతులూ పనిమీద ఉండొచ్చు. పిండ్‌బోర్గ్ అనే డెన్మార్క్ నిపుణుడి బృందం అక్కడ 10,169 మంది నోళ్ళు తెరిపించి అంగిళ్ళు పరీక్షించి, 1971లో ఆ లెక్కలు అచ్చువేసింది. కాలిన అంగిళ్ళే గానీ పతకాలెవరికీ రాలేదు.

నాకు అర్థం కానిది ఇక్కడే. బేతంచెర్లలో ఒక చేత ఉలి, ఒక చేత సుత్తి పట్టి బండ కొట్టేవాడి పెదవి మూల బీడీ ఉంటుంది. తొలకరి పడ్డాక జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వంగి మట్టి కెలికేవాడి నోట్లోనూ ఉంటుంది. వీళ్ళెవరూ వంపు కాడ కొనలేదు, దవడ లెక్కలు కట్టలేదు. చేతులకు పని తప్పదు గనుక బీడీ నోట్లోనే ఉండిపోయింది, దాన్ని ఎవరూ విద్య అనలేదు. చేతులకు ఏ పనీ లేని మనిషి చేతులు ఖాళీ చేసుకోవడం మొదలుపెట్టాకే అది విద్య అయింది, దానికి పైపు గిన్నె చెక్కే మధ్యధరా తీరపు బ్రయర్ వేరు కావలసి వచ్చింది.

ఈ మాట ఇంజనీరు గారితో అందామనుకున్నాను. అంతలో మార్కెట్ యార్డుకు వెళ్దామని ఆయనే సైగ చేశారు, ఉల్లిగడ్డలు చవగ్గా ఉన్నాయట. పైపు వేలాడదీసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, కుప్పల మధ్య తనిఖీకి వచ్చిన అధికారిలా నడిచారు. ఎదురుగా ఒక హమాలీ బస్తా వీపున వేసుకుని, రెండు చేతులతో దాని చెవులు పట్టి, ఆరిన బీడీ పెదవికి అంటించుకుని వస్తున్నాడు. ఆగి పైపు వంక కింది నుంచి పైకి చూశాడు.

‘సార్, అది శానా బరువున్నెట్లుండాది. అట్ల మోసేదానికి ఎవురన్నా కూలి ఇస్తారా?’

‘ఊఁ.’

‘బస్తా లెక్కనా సార్, దినకూలా?’